కుక్కకు మన కూర పెట్టవచ్చా?

మా ఊళ్ళో అమ్మ మా కుక్కకు రోజూ చోడి అంబలి పోసేది. దానికి ఏమీ అయ్యేది కాదు. అందుకే మన హాస్టల్ కర్రికి కూడా ఏదైనా పెట్టొచ్చు అనుకున్నాను. పోయిన ఆదివారం నా కంచంలో మిగిలిన కోడి ఎముకలు, ఉల్లిపాయ పులుసు కలిపి వేశాను. రాత్రంతా కక్కుకుంది. నాకు నిద్ర పట్టలేదు.

సైన్సు మేడంని అడిగాను. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్ర కణాలను పాడు చేస్తాయంట. రక్తం తగ్గి నీరసించిపోతుంది. అది వెంటనే కనపడదు, కొన్ని రోజులకు తెలుస్తుంది. "ఉడికిస్తే పోదా మేడం?" అన్నాను. పోదంట. కోడి ఎముక అయితే ఉడికితే ఇంకా పెళుసు. సూదిలాగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. చాక్లెట్, ఎండు ద్రాక్ష కూడా దానికి విషమే. (అవి మనకే దొరకవు!)

మరి అంబలి ఎలా పడింది? అందులో చోడిపిండి, నూక, నీళ్ళే కదా. ఉప్పు, ఉల్లిపాయ మేము తాగేటప్పుడు వేసుకునేవాళ్ళం.

ఇప్పుడు వంట అక్క ఉప్పు, కారం వెయ్యకముందే గరిటెడు పప్పు తీసి, అన్నంలో కలిపి ఇస్తోంది. కర్రి తింటోంది. ఎముకలు మాత్రం వంటింటి వెనక గుంటలో వేసి మట్టి కప్పండి. నిన్న కూడా మెట్ల దగ్గర రెండు దొరికాయి. ఎవరివో నాకు తెలుసు.