మంజులికది బెంగాలీ, నాగవల్లిది తెలుగు

2007లో ప్రియదర్శన్ తీసిన హిందీ చిత్రం ‘భూల్ భులయ్యా’ సగం దాకా నవ్వించి, ఆపైన వణికిస్తుంది. కోటలో దెయ్యం ఉందని అందరూ హడలిపోతారు. అసలు సంగతి ఇంటి కోడలు అవని (విద్యాబాలన్) మనసుకు పట్టిన జబ్బు. అది ముదిరినప్పుడు ఆమె తానే పాతకాలపు నర్తకి మంజులికననుకొని, బెంగాలీలో మాట్లాడుతుంది.

బెంగాలీయే ఎందుకు? మూలమైన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళ్’ (1993)లో నర్తకిది తమిళం. కన్నడ ‘ఆప్తమిత్ర’ (2004), తమిళ ‘చంద్రముఖి’ (2005)లలో తెలుగు. ఎక్కడ తీసినా ఆమెది పరాయి భాషే. అర్థంకాని మాట వినగానే హాలంతా జడుసుకుంటుంది.

బెంగళూరులో, చెన్నైలో ఉన్న మనకు మాత్రం అది అమ్మ భాష. భయం పోయి, ఊరుకాని ఊళ్లో మగ్గిన ఆడపిల్ల గోడు వినిపిస్తుంది. మంజులికను చూసే బెంగాలీవారికీ అంతే కదా! పిల్లలతో ఈ సినిమా చూసేటప్పుడు ఆ మాట కూడా చెప్పండి.