గడ్డకట్టిన మాంసమునకు సత్తు గిన్నె

ఖమ్మం ఎండలలో, ఫ్రిజ్ నుండి తీసిన మాంసమును మధ్యాహ్నము వరకు వంటగట్టుపై వదలివేయు ఇండ్లు కలవు. లోపలి మంచు కరగకముందే పైపొర చెడనారంభించును. వాంతులు, విరేచనములతో వచ్చినవారిని నేను మొదట అడుగునది ఈ సంగతియే.

ఒక గ్రాము మంచు కరుగుటకు 80 కేలరీల వేడి కావలెను. గాలి దానిని మెల్లగా అందించును. చెక్కపలక అసలే అందనీయదు. సత్తు అని మనము పిలుచు అల్యూమినియము స్టీలుకంటె సుమారు 15 రెట్లు చురుకుగా వేడిని ప్రసరింపజేయును. రాగి ఇంకను మేలు. కాని కళాయి లేని రాగికి పెరుగు, నిమ్మరసము పట్టించిన మాంసము తగులరాదు.

సత్తు గిన్నెను బోర్లించి, సంచిలో చుట్టిన ముక్కలను దానిపై పలుచగా పరచి, మీద మరియొక సత్తు గిన్నెలో మామూలు నీరు పోసి ఉంచవలెను. వేడినీరు వలదు. భద్రాచలము నుండి తెచ్చి దాచిన గోదావరి చేపముక్కల వంటివి అరగంటలో చాలవరకు విడివడును. నిండు కోడికి, తొడ ముక్కకు ఈ ఉపాయము పారదు. మాంసములోనికి వేడి మెల్లగానే పోవును గదా! వాటిని ముందురాత్రియే ఫ్రిజ్ క్రింది అరలోనికి మార్చవలెను. కరగినదానిని వెంటనే వండవలెను.