నల్లా నీళ్లకు, రేషన్ బియ్యానికి ఒకటే సాగర్.. నీళ్లు తగ్గితే ఎవరికి ఎంత?

‘కృష్ణా పైప్‌లైన్‌కు మరమ్మతులు.. రేపు ఈ ప్రాంతాల్లో నీళ్లు బంద్.’ ఈ మెసేజ్ రాగానే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ వాసులు ముందు డ్రమ్ములు నింపుకుంటారు. ఒక్కరోజు నీళ్లు ఆగితేనే మనకు ఇంత హడావిడి. అదే జలాశయాన్ని నమ్ముకుని వరి వేసే రైతులకు కొన్నిసార్లు సీజన్ మొత్తం నీళ్లు రావు. అసలు ఈ నీళ్లు ఎక్కడివి? కరువొస్తే ముందు ఎవరికిస్తారు? ప్రభుత్వాల ముందున్న దారులేంటి?

మన నల్లాకు నీళ్లు ఎలా వస్తున్నాయి?

నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర మోటార్లతో నీటిని అక్కంపల్లి రిజర్వాయర్‌లోకి ఎత్తిపోస్తారు. కోదండాపూర్‌లో శుద్ధి చేసి, పైపుల్లో సుమారు వంద కిలోమీటర్లు నడిపించి సాహెబ్‌నగర్ రిజర్వాయర్లకు చేరుస్తారు. 2004, 2008, 2015లో మూడు దశలుగా ఈ పథకం పూర్తయింది. మూడింటి సామర్థ్యం రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. ఏడాదికి 16.5 టీఎంసీలు.

ఇదే సాగర్ నుంచి ఎడమ కాలువ నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు వెళ్తుంది. దాని పేరు లాల్‌బహదూర్ కాలువ. మన ఎల్బీనగర్‌కు, ఆ కాలువకు ఒకే ప్రధాని పేరు పెట్టారన్నమాట. తెలంగాణలో దీని కింద ఆరు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. ఎక్కువగా పండేది వరే.

నీళ్లు తగ్గితే ముందు ఎవరికి?

2012 జాతీయ జల విధానం ప్రకారం మొదటి ప్రాధాన్యం తాగునీటిది. ఆహార భద్రతకు కావాల్సిన సాగునీరు దాని తర్వాతే. 2023-24లో ఇది అమల్లో కనిపించింది. కృష్ణాకు వరద సరిగా రాకపోవడంతో సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి పంటకు నీళ్లివ్వలేదు. 2024 ఏప్రిల్‌లో మట్టం పడిపోతే అత్యవసర మోటార్లు పెట్టి హైదరాబాద్‌కు నీళ్లు తోడారు. నగరంలో నల్లాలు ఆగలేదు. అక్కడ పొలాలు బీడు పడ్డాయి.

అయితే నగరమే నీళ్లన్నీ తాగేస్తోందా?

లెక్క చూస్తే అలా కనిపించదు. ఒక పంటకాలంలో వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, ఒక టీఎంసీతో ఆరు వేల ఎకరాల వరకు పండుతుంది. అంటే సాగర్ నుంచి నగరం ఏడాదంతా తీసుకునే 16.5 టీఎంసీలు లక్ష ఎకరాల్లో ఒక్క పంటకు సమానం. ఆరు లక్షల ఎకరాలకు వంద టీఎంసీలు కావాలి. అందులో కొంత వాన నుంచే వస్తుంది.

ఇంకో లెక్క మన వంటింట్లోనే ఉంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అంచనా ప్రకారం కిలో వడ్లకు వాన, కాలువ కలిపి పొలానికి సగటున 2,500 లీటర్ల నీరు అందాలి. వడ్లు ఆడిస్తే వచ్చే బియ్యం మూడింట రెండు వంతులే కాబట్టి కిలో బియ్యానికి సుమారు 3,700 లీటర్లు. మనిషికి 6 కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోల రేషన్ బియ్యం వస్తాయి. వాటి వెనుక దాదాపు 89 వేల లీటర్ల నీరు ఉంది. 2021 జనవరి నుంచి అమలవుతున్న ఉచిత నీటి పథకం కింద అదే ఇంటికి వచ్చేది నెలకు 20 వేల లీటర్లు. అంటే నల్లా నుంచి వచ్చే నీటికి నాలుగు రెట్లకు పైగా బియ్యం సంచిలో వస్తోంది.

పొలంలో నీళ్లు ఆదా చేయలేరా?

చేయొచ్చు. వరి మడిలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండక్కర్లేదు. రంధ్రాలున్న చిన్న గొట్టం పాతి, అందులో నీరు నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇస్తే చాలు. పూత సమయంలో మాత్రం నీరు నిలపాలి. ఈ పద్ధతిలో దిగుబడి తగ్గకుండా 15 నుంచి 30 శాతం నీరు ఆదా అవుతుంది. ఆరు లక్షల ఎకరాల్లో 15 శాతం మిగిలినా, కాగితం మీద అది 15 టీఎంసీలు. దాదాపు నగరం ఏడాది వాటా. అయితే పొలంలో ఇంకిన నీరు కొంత కింది బావులకు చేరుతుంది కాబట్టి నిజమైన ఆదా ఇంతకంటే తక్కువే ఉంటుంది.

మరి రైతులు ఎందుకు చేయడం లేదు? తర్వాతి తడి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, వచ్చిన రోజే మడి నిండా పెట్టుకోవడమే రైతుకు భద్రత. బోరు ఉన్నచోట 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. నీరు మిగిల్చినందుకు రైతుకు దక్కేదేమీ లేదు.

ప్రభుత్వాల ముందున్న దారులేంటి?

1. కచ్చితమైన వారబందీ. ఏ తూముకు ఏ తేదీన నీళ్లిస్తారో ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. చివరి ఆయకట్టుకు నీరు చేరేది అప్పుడే. చైనాలోని హుబే రాష్ట్రంలో ఝాంగ్హె జలాశయం నీటిని క్రమంగా పట్టణాలకు, విద్యుత్తుకు మళ్లించినా అక్కడ వరి దిగుబడి నిలబడింది. తడి-పొడి పద్ధతి, వాడిన నీటిని బట్టి రుసుము, వేలాది చిన్న చెరువులు అందుకు తోడ్పడ్డాయి. చెరువులకు మనకూ కొదవ లేదు.

2. వరి కాని పంటలకు కొనుగోలు హామీ. 2025-26లో ఏ-గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాకు రూ.2,389. సన్న వడ్లకు రాష్ట్రం ఇచ్చే రూ.500 బోనస్ అదనం. కందులకు రూ.8,000 ఉన్నా, వడ్లకున్నట్టు ఊరూరా కొనుగోలు కేంద్రాలు ఉండవు. 2021-22 యాసంగిలో వరి వేయొద్దని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. అయినా చాలామంది వరే వేశారు. చివరికి 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వమే కొంటామంది. వద్దని చెబితే సరిపోదు. హరియాణా 2020లో వరి మానేసిన రైతుకు ఎకరాకు రూ.7,000 ఇచ్చింది. కాలువ కింద జాలు పట్టే నేలల్లో మాత్రం ఈ మార్పు అంత తేలిక కాదు.

3. నగరం వాడిన నీటిని తిరిగి ఇవ్వడం. నాగోల్‌లోని పాత మురుగు శుద్ధి ప్లాంటు సామర్థ్యమే రోజుకు 172 మిలియన్ లీటర్లు. ఏడాదికి రెండు టీఎంసీలకు పైనే. ఈ నీరు మూసీలో కలిసి దిగువ పొలాలకు పారి, చివరికి వాడపల్లి దగ్గర కృష్ణాలో చేరుతుంది. శుద్ధి సరిగా జరిగితే రైతుకు అది నమ్మకమైన నీరు. జరగకపోతే మన మురుగు.

మనం ఏం చేయగలం?

మన ఇంటి పొదుపుతో కాలువలు నిండిపోవు. కానీ వంద కిలోమీటర్లు ఎత్తిపోసి తెచ్చిన నీరు రోడ్డు పాలైతే నష్టం అందరిదీ. వీధిలో పైపు లీకైతే జలమండలి నంబరు 155313కు ఫోన్ చేయండి. మీటరు లేకపోతే పెట్టించుకోండి. 20 వేల లీటర్ల ఉచిత పథకానికీ అది అవసరమే. ఓట్లడగడానికి వచ్చినవాళ్లను నల్లా గురించి మాత్రమే కాదు, నాగోల్ ప్లాంటు నుంచి ఎలాంటి నీరు బయటికి వస్తోందో కూడా అడగండి. ఎందుకంటే అదే నీరు దిగువన వరి మడిలోకి పారుతుంది.