ఇంటనే తీసిన ఆముదము

చేని గింజలను సంతలో నమ్మి, తలకును దీపమునకును ఆముదమును అంగడిలో కొనుట మాకు వింతగా దోచుచున్నది. గింజలను దోరగా వేయించి, రోటిలో మెత్తగా దంచి, మెండుగా నీరు పోసి కాచినచో నూనె పైకి తేలును. దానిని గరిటెతో తీసి, వేఱొక పాత్రలో సన్నని సెగపై మరల కాచవలెను. చిటపట యాగినచో తడి పోయినదని యెఱుగునది. తడి మిగిలిన ఆముదము నిలువయుండదు. తొందరపడి మేమును ఒక కుండెడు పాడుచేసికొంటిమి.

ఇంతకంటె ముఖ్యమైన మాట పిండిని గూర్చినది. గింజయందలి రిసిన్ అను విషము నూనెలోనికి రాక పిప్పిలోనే నిలుచును. ఉడికించుటచే దాని బలము తగ్గినను, ఇంటి పొయ్యిని నమ్మి పశువులకు పెట్టరాదు. తెలకపిండిని పోలియుండుట చేతనే పొరపాటు జరుగును. ఆ నీటిని కుడితిలో కలుపరాదు. పిప్పిని కుక్కలు త్రవ్వకుండ లోతుగా పూడ్చినచో మంచి యెరువగును. దంచిన రోటిని చక్కగా కడుగక పచ్చడి నూఱరాదు.