ఒక్క ముక్క తేడా

1964లో కోల్ట్ కంపెనీ అమెరికా దుకాణాల్లోకి ఓ కొత్త రైఫిల్ తెచ్చింది. వేటగాళ్లు, అడవుల్లో డేరాలు వేసుకునేవాళ్లు, తుపాకులు సేకరించే సరదా ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చని ప్రకటన. పేరు ఏఆర్-15 స్పోర్టర్. దాని తోబుట్టువు ఎం16 సైనికుల భుజాన వియత్నాం దారి పట్టింది. రెండింటినీ పక్కపక్కన పెడితే తెలిసినవాళ్లు కూడా ఓ క్షణం తడబడతారు.

తేడా కడుపులో ఉంది. సైన్యం తుపాకిలో ట్రిగ్గర్ నొక్కిపడితే తూటాలు కురుస్తూనే ఉంటాయి. దుకాణం తుపాకిలో నొక్కినప్పుడల్లా ఒక్కటే. వేలు వదిలి మళ్లీ నొక్కాలి. ఖాళీ గుల్లను బయటికి విసిరి, కొత్త తూటాను ఎక్కించే పని రెండింటిలోనూ పేలుడు వాయువే చేసిపెడుతుంది. సెమీ ఆటోమేటిక్‌లోని ఆ 'సెమీ' చెవికి వినిపించినంత మెత్తనిది కాదు. వేలు ఎంత చురుకైతే తుపాకీ అంత చురుకు.

(ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ అనుకుంటారు చాలామంది. కాదు. యూజీన్ స్టోనర్ దీన్ని రూపొందించిన ఆర్మలైట్ సంస్థ పేరులోంచి వచ్చింది. ఆ సంస్థ 1959లోనే హక్కులు కోల్ట్‌కు అమ్ముకుంది.)

1986 తర్వాత తయారైన మెషీన్‌గన్‌ను అమెరికా పౌరులు కొనకూడదు. ఈ రైఫిల్ మెషీన్‌గన్ కాదు కనుక ఆ గీత అంటలేదు. 1994లో ఈ తరహా రైఫిళ్ల మీద వచ్చిన నిషేధమేమో ఆకారం చూసింది: బాయొనెట్ తగిలించే కొక్కెం, మడిచే బట్, పిస్తోలు పిడి... ఇలాంటివి రెండుంటే కుదరదంది. కంపెనీలు కొక్కెం కోసేసి, బట్ బిగించేసి అమ్ముకున్నాయి. మీసం గొరిగించుకొచ్చినవాణ్ని కాపలావాడు పోల్చుకోలేకపోయినట్టే. ఆ చట్టంలో పదునున్నది పది తూటాలు దాటిన మ్యాగజీన్ల మీది నిషేధమే. పాతవి ఉంచుకోవచ్చని దాన్నీ మొద్దుబార్చారు. 2004లో మొత్తం చట్టానికే గడువు తీరింది.

2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో ఇరవై మంది పసివాళ్లను, ఆరుగురు పెద్దలను చంపింది బుష్‌మాస్టర్ కంపెనీ ఏఆర్-15 తరహా రైఫిల్. తయారీదారులపై దావా వేయకుండా 2005 నాటి చట్టం అడ్డు. అందుకే తొమ్మిది కుటుంబాలు తుపాకి పనితనాన్ని కాక, దాన్ని అమ్మిన ప్రకటనలనే కోర్టుకు ఈడ్చాయి. వేటగాడికని మొదలైన ప్రకటన ఈ లోగా యుద్ధం చేసే మగతనం దాకా వచ్చింది మరి. 2022లో రాజీ కుదిరింది: 7.3 కోట్ల డాలర్లు.

2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ అవుట్‌లెట్ మాల్‌లో కాల్పులకు ఎనిమిది మంది బలయ్యారు. వాళ్లలో మన తెలుగు ఇంజినీరు ఒకమ్మాయి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకు ఆ మాల్ కొత్తచోటు కాదు. అక్కడ పేలిందీ ఏఆర్-15 తరహాదే. హంతకుడి దగ్గరా, కారులోనూ దొరికిన తుపాకులు ఎనిమిది. అన్నీ చట్టప్రకారం సంపాదించినవేనని అధికారులు చెప్పారు.