చెరువు చుట్టూ తిరిగే హక్కు

డెగ్గెన్‌డార్ఫ్ జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, డాన్యూబ్ ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. 1994లో అక్కడ మొదలైన సాంకేతిక ఉన్నత విద్యాసంస్థకు మన దేశం నుంచి విద్యార్థులు చాలామంది వెళ్తుండటంతో ఆ పేరు ఈ మధ్య మన ఇళ్ళలోనూ వినిపిస్తోంది. ఎండ కాసే సెలవు రోజున నలుగురైదుగురు స్నేహితులు సైకిళ్ళు వేసుకుని నీటి వెంబడి పొద్దంతా తిరిగి రావడం ఆ ప్రాంతంలో వింతేమీ కాదు. ఊరికి డాన్యూబ్ ఉంది, కాస్త దిగువన దానిలో కలిసే ఈజార్ ఉంది. పెద్ద సరస్సునే చుట్టి రావాలనుకుంటే దక్షిణంగా వందకు పైగా కిలోమీటర్ల దూరంలో కీమ్‌జే ఉంది. దాదాపు 80 చదరపు కిలోమీటర్ల నీరు, చుట్టూ సుమారు 60 కిలోమీటర్ల సైకిల్ దారి. చాలావరకు చదునే కాబట్టి అలవాటు లేనివాళ్ళు కూడా మధ్యలో భోజనానికి ఆగి సాయంత్రానికి చుట్టు పూర్తిచేయగలరు. ఈ సరదా వెనక జర్మన్ల సైకిల్ పిచ్చి, చల్లటి వాతావరణం, చేతిలో డబ్బు ఉన్నాయని మనం సులువుగా అనేస్తాం. అవి ఉన్నమాట నిజమే. కానీ అసలు ఆధారం వేరే ఉందనిపిస్తుంది. అక్కడ నీటి ఒడ్డుకు చేరే హక్కు ప్రజలదని చట్టం ఒప్పుకుంది, ఆ ఒప్పుకోలు నేల మీద దారి రూపంలో కనిపిస్తుంది. జనం తిరుగుతున్నంత కాలం ఆ దారిని ఎవరూ గుట్టుగా మింగలేరు.

బవేరియా రాజ్యాంగం 1946 నాటిది. యుద్ధంలో కూలిన ఇళ్ళ శిథిలాలు ఇంకా తొలగని రోజుల్లో రాసుకున్న ఆ పత్రంలో 141వ అధికరణం చెప్పే సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది. ప్రకృతిలో సేదతీరడం అందరి హక్కు. కొండలకు, సరస్సులకు, నదులకు చేరే దారులను ప్రజల కోసం తెరిచి ఉంచడం ప్రభుత్వానికీ స్థానిక సంస్థలకూ అధికారమే కాదు, బాధ్యత కూడా. అవసరమైతే అందుకోసం ఆస్తి హక్కును పరిమితం చేయవచ్చు. అడవిలో కాసే పళ్ళను ఊరి అలవాటు మేరకు కోసుకోవడం కూడా అందులోనే ఉంది! కాగితం మీది మాట ఒక్కటే దారి వేయదు, నిజమే. డెగ్గెన్‌డార్ఫ్ దగ్గర ఆ పనిలో సగం కరకట్టలు చేశాయి. 2013 జూన్ వరదలో కట్ట తెగి, పట్టణంలో భాగమైన ఫిషర్‌డార్ఫ్ మునిగిపోయింది. ఆ తర్వాత కట్టలను బలపరిచారు. వరద కోసం కట్టిన కట్ట మీదో దాని పక్కనో సైకిళ్ళు వెళ్తాయి. మరుసటి ఏడాది అక్కడ జరిగిన రాష్ట్ర ఉద్యాన ప్రదర్శన కోసం డాన్యూబ్ మీద నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ మాత్రమే సుమారు 450 మీటర్ల వంతెన వేశారు. ప్రదర్శన ముగిసినా వంతెన మిగిలింది. వియన్నా, బుడాపెస్ట్‌ల దాకా సాగే డాన్యూబ్ సైకిల్ మార్గం ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. కీమ్‌జే విషయంలో ఇంకో సంగతి చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్ళ మురుగు సరస్సులో పడకుండా 1980ల చివరికల్లా దాని చుట్టూ పైపులైను వేసి, నీటిని శుద్ధి చేసి వేరేచోట వదిలేలా చేశారు. ముక్కు మూసుకుని చుట్టే సరస్సు దగ్గరికి ఏ స్నేహితుడూ రెండోసారి రాడు. హుస్సేన్‌సాగర్ ఎరిగినవారికి ఇది విప్పి చెప్పనక్కర్లేదు.

గుంపుగా వెళ్ళడాన్ని కూడా అక్కడి చట్టం గుర్తించింది. పదిహేను మందికి మించితే వాళ్ళు ఒకే దళంగా రోడ్డు మీద ఇద్దరిద్దరు చొప్పున సాగవచ్చు. ముందున్నవారు పచ్చ దీపంలో కూడలి దాటితే, మధ్యలో దీపం మారినా మిగతావారు వెనకే వెళ్ళవచ్చు. దారి ఒడ్డును వదిలి రోడ్డెక్కే చోట ఈ నియమం విలువ తెలుస్తుంది.

మన సంగతికి వస్తే, కట్టలకు కొదవ లేదు. చెరువుల పునరుద్ధరణకు 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకుంది, అదీ ఒక్క తెలంగాణలో. అయినా వాటిలో ఎన్నింటి చుట్టూ పూర్తిగా తిరిగి రాగలం? ఇక్కడొక భౌగోళిక చిక్కుంది. కీమ్‌జే హిమానీనదం తొలిచిన పల్లం, దాని ఒడ్డు ఏడాది పొడవునా ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది. మన చెరువు వాగుకు అడ్డంగా కట్ట వేసి నిలిపిన నీరు. ఒకవైపే కట్ట, మిగతా వైపులు లోతు లేని శిఖం భూమి. వానాకాలంలో నీరు అక్కడికి పాకుతుంది, వేసవిలో వెనక్కి పోతుంది. నీరు వెనక్కి పోయిన చోట మొదట దోస పాదులు వస్తాయి, తర్వాత కంచె, ఆ తర్వాత లేఅవుట్. ఒడ్డు ఎక్కడో ఎవరికీ కంటికి కనపడకపోవడమే కబ్జాకు పెట్టుబడి. పూర్తి నీటిమట్టం గీత రెవెన్యూ పటంలో ఉంటుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ గీత నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదని నిబంధనా ఉంది. కానీ పటంలో గీతను ఆదివారం పొద్దున ఎవరూ చూడరు. అదే గీత వెంట దారి ఉండి, వారం వారం పాతికమంది చుట్టి వస్తుంటే, నిన్న లేని ప్రహరీ ఇవాళ అడ్డం తగిలిన క్షణంలోనే సంగతి బయటపడుతుంది.

హక్కు మాట వచ్చినప్పుడు మనకు బవేరియాలాంటి అధికరణం లేదుగా అనవచ్చు. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల వ్యాజ్యంలో 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి జవాబు. చెరువుల వంటి సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త అన్న సూత్రాన్ని కోర్టు అక్కడ వర్తింపజేసింది. మన ఎండలో సైకిల్ ఎవరు తొక్కుతారంటారా? 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపితే జనం వెల్లువలా వచ్చారు. డబ్బు మాటకొస్తే, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను సౌర ఫలకాల కప్పుతో కట్టి 2023లో ప్రారంభించుకున్నాం. అది బాగానే ఉంది కానీ పక్కన నీళ్ళు కాదు, కార్లు. కప్పు లేని మట్టి దారికి అంత ఖర్చు కాదు.

బరువైన అభ్యంతరం వేరే ఉంది. సుందరీకరణ పేరుతో చెరువు లోపలికే మట్టి పోసి, సిమెంటు నడకదారి వేసి, చెరువును కుదించిన సందర్భాలు మన నగరాల్లో ఉన్నాయి. బురద నేల మీద బతికే పక్షులకు ఆ దారి ఉరితాడు. అందుకే దారి పూర్తి నీటిమట్టం గీతకు వెలుపలే పడాలి, మట్టిదే కావాలి, నీరు వచ్చి చేరే కాలువలను మూయకూడదు. ఈజార్ సంగమం దగ్గరి రక్షిత తడి నేలల్లోనూ సందర్శకులు దారి దాటకూడదు. ఇక శిఖంలో పట్టా ఉన్న రైతు సంగతి. ఆయన్ని కబ్జాదారుతో కలిపి చూడటం అన్యాయం, దారి వెడల్పు మేర భూమికి పరిహారం ఇవ్వాల్సిందే. అలా కుదరని చోట చుట్టు పూర్తికాకపోవచ్చు. రాజ్యాంగం అంత గట్టిగా చెప్పిన బవేరియాలోనే స్టార్న్‌బెర్గ్ సరస్సు ఒడ్డులో పెద్ద భాగం ప్రైవేటు బంగళాలదే. అక్కడ కొన్నిచోట్ల సైకిళ్ళు నీటికి దూరంగా, ప్రహరీల వెనక నుంచి తిరిగి వెళ్తాయి.