కేసులు లేవంటే జబ్బు లేనట్టేనా?

2010లో మన దేశంలో ఎంతమందికి డెంగీ వచ్చింది? ప్రభుత్వ లెక్క 28 వేల చిల్లర. అదే ఏడాదికి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కట్టిన లెక్క దాదాపు 3 కోట్ల 30 లక్షలు. మొదటి అంకె దొంగలెక్క కాదు. ఆసుపత్రికి వెళ్లి, పరీక్ష చేయించుకుని, ఆ ఫలితం పైఅధికారుల దాకా చేరిన కేసులు అన్నే. రెండోదాంట్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఊరుకున్నవాళ్లూ, మాత్రలు మింగి నాలుగు రోజులు మంచం పట్టి లేచినవాళ్లూ కూడా ఉన్నారు. రికార్డుకెక్కిన జబ్బుకీ, నిజంగా ఉన్న జబ్బుకీ మధ్య ఇంత దూరం ఉంటుంది. ఆ దూరాన్ని కొలిచి, ఏ ప్రాంతంలో ఎంత ఉందో చెప్పడమే అంటువ్యాధుల పటాలు గీసే ఎపిడెమియాలజిస్టు పని.

ఈ పనికి నేటి రూపం తెచ్చినవాళ్లలో బ్రిటన్‌కు చెందిన సైమన్ హే ముఖ్యుడు. ఆయన అడుగుపెట్టింది ఆసుపత్రి వైపు నుంచి కాదు, ఆక్స్‌ఫర్డ్ జంతుశాస్త్ర విభాగం నుంచి. ఇందులో వింతేమీ లేదు. మలేరియా దోమల ద్వారానే వ్యాపిస్తుందని తేల్చే ఆధారం 1897లో రొనాల్డ్ రాస్‌కు సికింద్రాబాద్‌లో, ఒక దోమ కడుపులో దొరికింది. దోమకు నీరు కావాలి, తేమ కావాలి, తగినంత వేడి కావాలి. ఇవన్నీ నేలను బట్టి మారేవే. నేలను చదవగలిగితే జ్వరాన్నీ కొంతవరకు చదవొచ్చు. ఆకాశం నుంచి ఉపగ్రహం తీసే చిత్రాల్లో పచ్చదనం ఎక్కడ ఎప్పుడు పెరుగుతోందో తెలుస్తుంది. దాని సాయంతో కెన్యాలో మలేరియా ఏ నెలల్లో విజృంభిస్తుందో ముందే చెప్పవచ్చని హే, ఆయన సహచరులు 1998లోనే చూపించారు.

అయితే ఉపగ్రహానికి చెట్లు కనిపిస్తాయి గానీ రోగి కనిపించడు. అందుకే 2005లో ఆయన, కెన్యాలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న రాబర్ట్ స్నోతో కలిసి మలేరియా అట్లాస్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. ప్రపంచమంతటి మలేరియా తీవ్రతను చూపే పటం అప్పటికి ఒకటే ఉండేది. అది 1968లో సోవియట్ శాస్త్రవేత్తలు వేసినది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు కోట్ల రూపాయలు, దోమతెరలు, మందులు ఎక్కడికి పంపాలో నిర్ణయించినవాళ్ల చేతిలో తాజా పటమే లేదు.

కొత్త పటానికి ముడిసరుకు ఆసుపత్రి రిజిస్టర్లు కావు, ఊళ్లలో జరిగిన రక్త పరీక్షలు. ఆరోగ్య కార్యకర్త బడికి వెళ్తుంది. జ్వరం ఉన్నా లేకున్నా పిల్లలందరి వేలిమీదా సూదితో గుచ్చుతుంది. ఒక్కో చుక్క రక్తాన్ని గాజు పలక మీద పూసి, ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. నూరుగురిలో ముప్ఫైమంది రక్తంలో మలేరియా పరాన్నజీవి కనిపిస్తే ఆ ఊరి అంకె 30 శాతం. రెండేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లల అంకెనే ప్రమాణంగా తీసుకుంటారు. పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి వచ్చిన నిరోధకశక్తి వల్ల లెక్క మసకబారుతుంది.

ఇలాంటి సర్వేలు అనేక దేశాల్లో జరిగాయి. కానీ చాలావాటి ఫలితాలు అచ్చు కాలేదు. వాటిని వెతికి పట్టుకోవడం ఒక ఎత్తు. నివేదికలో పేరు తప్ప మరేమీ లేని పల్లె ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద ఉందో తేల్చడం మరో ఎత్తు. చోటు తెలియని అంకె పటానికి పనికిరాదు. అన్ని వడపోతలూ అయ్యాక సుమారు 8 వేల సర్వేలు మిగిలాయి. 2007 నాటి ప్రపంచ మలేరియా పటానికి అవే పునాది.

మరి సర్వే జరగని చోట్ల సంగతి? మండలానికో వానమాపకం ఉంటే, మధ్యలో ఉన్న ఊళ్లో ఎంత కురిసిందో చుట్టుపక్కల అంకెలు చూసి అంచనా కట్టినట్టే ఇక్కడా చేస్తారు. దగ్గరి ఊళ్ల అంకెలు, వాన, ఎత్తు, ఉష్ణోగ్రత, జనసాంద్రత అన్నీ కలిపి గణిత నమూనాకు ఇస్తారు. నిజాయితీ గల పటకర్త దానికి తోడు ఇంకో పని చేస్తాడు. ఏ ప్రాంతం గురించి తన అంచనా ఎంత బలహీనమో అదీ చెబుతాడు. 2013లో హే బృందం వెలువరించిన డెంగీ అంచనానే తీసుకోండి: ప్రపంచమంతటా ఏటా 39 కోట్ల ఇన్‌ఫెక్షన్లు. పక్కనే హద్దులూ ఉన్నాయి: 28 కోట్ల 40 లక్షల నుంచి 52 కోట్ల 80 లక్షల దాకా. ఆ రెంటికీ మధ్య తేడా 24 కోట్ల పైచిలుకు. పత్రికల్లో తరచూ 39 కోట్లే మిగులుతుంది, హద్దులు రాలిపోతాయి.

ఆ అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. జబ్బుగా బయటపడే డెంగీ ఆఫ్రికాలోనూ దాదాపు అమెరికా ఖండాల్లో ఉన్నంత ఉందని లెక్క తేలింది. ఆఫ్రికాలో డెంగీ లేదన్నట్టుగా కనిపించడానికి కారణం, జ్వరమొస్తే మలేరియా అనుకోవడం, డెంగీ పరీక్షలు తక్కువగా జరగడం. వెతకని చోట జబ్బు దొరకదు కదా.

ఈ పటాల వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు, వాటి ఆధారంగా 2015లో వచ్చిన అధ్యయనం ఒక జవాబు. 2000 తర్వాత పదిహేనేళ్లలో ఆఫ్రికాలో దోమతెరలు, మందులు, ఇళ్లలో పిచికారీ కలిసి 66 కోట్లకు పైగా మలేరియా కేసులను ఆపాయనీ, అందులో మూడింట రెండు వంతుల పుణ్యం మందు పట్టించిన దోమతెరలదేననీ అది చెప్పింది. నిధులిచ్చేవాళ్లకు ఇంతకంటే సూటి వాదన ఉండదు. పటాలకు పరిమితులూ ఉన్నాయి. ఎబోలా జంతువుల నుంచి మనుషులకు సోకే వీలున్న దేశాలు 22 అనీ, వాటిలో ఆ ముప్పున్న ప్రాంతాల్లో 2 కోట్ల 20 లక్షల మంది ఉన్నారనీ చూపిన పటం 2014 సెప్టెంబరులో వచ్చింది. పశ్చిమాఫ్రికాలో మహమ్మారి అప్పటికే చెలరేగిపోయింది.

హే 2015లో అమెరికాలోని సియాటిల్‌కు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆరోగ్య గణాంకాల సంస్థకు మారారు. మలేరియా అట్లాస్ పని పీటర్ గెథింగ్ నాయకత్వంలో సాగి, తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చేరింది. ఎవరో దూరాన కంప్యూటర్ల ముందు కూర్చుని మా దేశపు జబ్బులు లెక్కగడతారేమిటన్న అసంతృప్తి పేద దేశాల్లో ఉంది, అది సబబే. ఆ లెక్కలు మనమే కట్టుకోవాలంటే, ఈ వృత్తిలోకి రావాలనుకునే మన పిల్లలకు గణాంకశాస్త్రం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్, భూగోళం మూడూ వచ్చి తీరాలి. కానీ నమూనా ఎంత పదునుదైనా ఏజెన్సీ గూడెంలో గుచ్చిన వేలిచుక్కకు బదులు రాదు. సర్వేలకు డబ్బు తగ్గించి నమూనాలకు పెంచితే, పటాలు అందంగా వస్తాయి, తప్పుగా కూడా వస్తాయి. పటంలో జబ్బు ఎక్కువని ఎర్రరంగు పడిన ఊరికి వెళ్లి ఎవరో ఒకరు రక్తం పరీక్షించినప్పుడే ఆ రంగు సరైనదో కాదో తేలుతుంది. తెల్లగా వదిలేసిన ఊరికి వెళ్లి పరీక్షించడం అంతకంటే అవసరం.